పులిమొసలి కేసు

తూముపాలెంలో చెట్ల కంటే రంపాలెక్కువ. ఎవరో గిట్టనివాళ్ళు వేసిన నింద కాదిది, ఆ ఊరివాళ్ళే ఛాతీ విరుచుకుని చెప్పుకునే మాట.

అదెలా వచ్చిందంటే, ఆ పెద్ద గాలివానకి ఊళ్ళో చెట్లన్నీ రోడ్లకి అడ్డం పడిపోయాయి. తీద్దామంటే పంచాయతీలో ఉన్నది ఒకే గొడ్డలి, దానికీ పట్టుకునే కామ లేదు. పైనున్న పెద్దలకి జాలేసింది. జాలెయ్యడానికి రెండేళ్ళు పట్టింది గానీ, వేశాక మాత్రం కుండపోతగా వేసింది. ఇంటికో రంపం మిషను ఉచితం అన్నారు. పెట్రోలు పోసి తాడు లాగితే బర్రుమని లేచి, మానుని వెన్నముద్దలా కోసేసే మిషను. అప్పటికి పడ్డ చెట్లు చెదపట్టి, ముక్కలై, ఊరివాళ్ళ నీళ్ళకాగుల కింద మండి బూడిద కూడా అయిపోయాయి. అయితే మాత్రం? ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతామంటారు, రంపం వద్దంటారా!

మిషన్లు రెండు లారీల్లో వచ్చాయి. మొదటి లారీలోవి నారింజ రంగువి, మీద పులి బొమ్మ. రెండో లారీలోవి ఆకుపచ్చవి, మీద మొసలి బొమ్మ. పొద్దున్నే వచ్చి వరసలో నిలబడ్డవాళ్ళకి పులి మార్కు దక్కింది. ఇడ్లీ తిని, వక్కపొడి నోట్లో వేసుకుని తీరిగ్గా వచ్చినవాళ్ళకి మొసలి మార్కు మిగిలింది. జరిగింది ఇంతే. కానీ ఏడాది తిరక్కుండానే పులి వాళ్ళు "మేం తాతల నాటి నుంచీ చురుకైనవాళ్ళం" అనడం మొదలెట్టారు. మొసలి వాళ్ళు "మేం తిండికి లోటు లేని కుటుంబాల వాళ్ళం, మాకు తొందరేంటి" అన్నారు. పెళ్ళి శుభలేఖల మీద వినాయకుడి పక్కన పులి బొమ్మలూ మొసలి బొమ్మలూ వేయించుకున్నారు. కోయడానికి చెట్లు లేక కుర్చీల కాళ్ళు కోసుకున్నవాళ్ళున్నారు. నాలుగు కాళ్ళూ సమానం చేద్దామని మొదలెట్టి, అది పీట అయ్యేదాకా వచ్చి ఆగారు.

కార్తీకమాసంలో వనభోజనాలు కూడా విడివిడిగా పెట్టుకున్నారు. ఊరవతల ఒక్కటంటే ఒక్క ఉసిరిచెట్టు మిగిలింది. దాని కింద విస్తళ్ళు వేయాలంటే కాస్త చదును చెయ్యాలి కదా అని పులి వాళ్ళు రంపాలు తీసుకెళ్ళారు, అదే ఆలోచనతో మొసలి వాళ్ళూ వెళ్ళారు. ఎవరు ముందు తాడు లాగారో ఇప్పటికీ తేలలేదు. తేలిందల్లా ఏమిటంటే ఉసిరిచెట్టు లేదు. ఆ మరుసటి ఏడాదికి రెండు మార్కులకీ సంఘాలు పుట్టాయి, రెండూ చెరో ఉసిరి కొమ్మని బకెట్లో నిలబెట్టుకుని దాని చుట్టూ కూర్చుని భోంచేశాయి. ఎవరి బకెట్ పెద్దదన్న దగ్గర మాటా మాటా పెరిగి పులిహోర గిన్నె ఎగిరింది.

ఆ గిన్నె ఎగిరిన కారణంగా తూముపాలెంలో ఒక కార్యాలయం వెలిసింది. దాని పేరు యాంత్రిక రంపముల సముదాయ సమన్వయ కార్యాలయం. దానికి అధికారిగా అనంతశయనం గారు వచ్చారు. ఆయన మాట్లాడితే గోడ మీద అతికించిన ప్రకటన చదువుతున్నట్టుండేది. వచ్చీ రాగానే నిబంధన పెట్టారు: ప్రతి రంపానికీ మార్కు ధ్రువపత్రం ఉండవలెను, ఒక ఇంట ఒకే మార్కు ఉండవలెను, మార్కు తేలని రంపమును విడదీసి ఏ మార్కు భాగమును ఆ మార్కు వారికి అప్పగించవలెను.

ఇక్కడే మన పల్లాలరావు పీకల మీదికొచ్చింది.

పల్లాలరావు కాలవ మీద పంపుహౌసులో మోటార్లు నడిపి రిటైరైన మనిషి. రిటైరైన కొత్తలో ఇంట్లో ఏ మూల నిలబడితే ఆ మూలే ఊడవాల్సొచ్చేది ఆయన భార్య సత్యవేణికి. "కాస్త అటు జరగండీ" అన్న మాట తప్ప ఆయనతో ఎవరూ వేరే మాట అనేవారు కాదు. ఆ రోజుల్లో వచ్చింది ఆయనకి పులి మార్కు రంపం. మొదటి రోజే దాన్ని పాత రైలు దుంగ మీద పరీక్షించాడు. దుంగలో ఉన్న ఇనప మేకు చైనుని తెంపి, ఆ చైను తిరిగే పొడుగాటి బారుని అప్పడంలా వంచేసింది. ఇంజను మాత్రం ఉక్కుముక్కలా ఉంది.

ఎదురింట్లో ఉండే గవర్రాజు సత్యవేణికి సొంత తమ్ముడు. అతను ఇడ్లీ తిని వెళ్ళిన బాపతు, అతనిది మొసలి మార్కు. పెట్రోల్లో నూనె కలిపి పొయ్యాలని ఎవరో చెప్పారు. ఏ నూనో చెప్పలేదు. ఇంటికొచ్చింది బంగారం లాంటి మిషను కదా, దానికి తక్కువ చెయ్యడం దేనికని గవర్రాజు గానుగలో ఆడించిన నువ్వులనూనె కలిపాడు. మిషను పోపు వాసనతో మూడుసార్లు దగ్గి బిగుసుకుపోయింది. బారూ చైనూ మాత్రం కొత్త పెళ్ళికూతురి పట్టెడలా నిగనిగలాడుతూ మిగిలాయి.

బావాబావమరదులిద్దరూ వెనక వసారాలో కూర్చుని, చచ్చిన రెండింటిలోంచి బతికున్న ఒకదాన్ని తీశారు. అంత తేలిగ్గా ఏం కాలేదు. పులి బోల్టులు మొసలి చిల్లుల్లో పట్టవు. వానాకాలమంతా ఆకురాయి పెట్టి అరగదీశారు. పెట్రోలు మూత దొరక్క దగ్గుమందు సీసా మూత బిగించారు. ఓ రోజు మిట్టమధ్యాహ్నం తాడు లాగితే అది లేచింది చూడండీ, ఇద్దరూ చిన్నపిల్లల్లా కౌగిలించుకున్నారు. సత్యవేణి పాలగిన్నె పొయ్యి మీద వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఆ పూట పాలు పొంగిపోయినా ఎవరూ ఏమీ అనుకోలేదు.

అప్పట్నించీ సాయంత్రమైతే గవర్రాజు అక్క ఇంట్లోనే. మిషనుకేం జబ్బు లేకపోయినా విప్పేవారు, తుడిచేవారు, మళ్ళీ బిగించేవారు. టీ తాగుతూ దాని మోత గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవారు. పల్లాలరావుకి బతుకు మీద మళ్ళీ ఆశ పుట్టింది. ఆ మిషను లేకపోతే మళ్ళీ మూలన నిలబడి చీపురుకి దారివ్వడమే తన గతి అని ఆయనకి బాగా తెలుసు.

అందుకే నిబంధన సంగతి వినగానే మిషనుని దుప్పట్లో చుట్టుకుని, బావమరిదిని వెంటేసుకుని కార్యాలయానికి వెళ్ళాడు.

"మార్కు?" అన్నారు అనంతశయనం గారు తలెత్తకుండా.

"పులండి" అన్నాడు పల్లాలరావు.

"మొసలండి" అన్నాడు గవర్రాజు అదే క్షణంలో.

అనంతశయనం గారు తలెత్తారు. నారింజ ఇంజనుని చూశారు. ఆకుపచ్చ బారుని చూశారు. దగ్గుమందు మూతని చూసినప్పుడు మాత్రం ఆయన కళ్ళు కాస్త చెమర్చాయి. "ఇది సంకరము" అన్నారు.

"ఆయ్, రెండూ కలిపామండి. రెండూ పాడైపోతేనూ..."

"పాడైనవి విడివిడిగా పాడై ఉండవలెను. అది క్రమము. వాటిని కలిపి బాగు చేయుటకు మీకు అనుమతి ఎవరిచ్చారు?"

"బాగైంది కదండీ" అన్నాడు గవర్రాజు.

"బాగవుట వేరు, క్రమబద్ధమగుట వేరు. ఇంజను ప్రాణమా, పళ్ళు ప్రాణమా అన్నది విధానపరమైన ప్రశ్న. మొదట ఇరు సంఘముల అభిప్రాయము తీసుకొనవలసి ఉన్నది."

ఇరు సంఘాలూ వచ్చి అభిప్రాయాలు పారేసి పోయాయి. "మా పులి నోట్లో మొసలి నాలికా? ఛీ!" అన్నాడు పులి సంఘం అధ్యక్షుడు. "మా మొసలి నాలిక కింద పులి పొట్టా? రామ రామ!" అన్నాడు మొసలి సంఘం అధ్యక్షుడు. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ ఒకే మాట మీదున్నారు కాబట్టి, సముదాయ సమన్వయం సాధించబడినట్టు అనంతశయనం గారు పైకి రాసుకున్నారు. మిషనుని మాత్రం విడదీయాల్సిందే అన్నారు.

పల్లాలరావు మిషనుని ఒళ్ళో పెట్టుకుని కార్యాలయం అరుగు మీద బైఠాయించాడు. "నా పీక కొయ్యండి, దీని బోల్టు మాత్రం తియ్యనివ్వను" అన్నాడు. "మా బావ పీక తర్వాత నాదుందండి" అన్నాడు గవర్రాజు పక్కన చతికిలబడుతూ. సత్యవేణి క్యారేజీలో భోజనం పట్టుకొచ్చి ఇద్దరికీ ఒకే కంచంలో కలిపి ముద్దలు పెట్టింది. ఊరు ఊరంతా వచ్చి చూసింది. కొంతమంది చాటుగా ముక్కు చీదుకున్నారు కూడాను.

ఎటూ పాలుపోక అనంతశయనం గారు విషయాన్ని జిల్లా కేంద్రానికి పంపారు. ఆయన క్లుప్తంగా రాయడంలో దిట్ట. "పల్లాలరావు అను వారు తమ ఇంటి వెనుక వసారాలో పులిని, మొసలిని కలిపి ఉంచి, సాయంత్రములందు బావమరిది సహాయమున విప్పుచున్నారు. తగు చర్య నిమిత్తం" అని రాశారు.

అక్కడ దీన్ని చదివినవాళ్ళకి గుండె గుభేలుమంది. వారం తిరక్కుండా వ్యానొకటి వచ్చి పల్లాలరావు ఇంటి ముందు ఆగింది. అందులోంచి వలలు పట్టుకుని నలుగురు అటవీ సిబ్బందీ, వాళ్ళ వెనక సూదిమందు తుపాకీ పట్టుకుని ఒక పశువుల డాక్టరు గారూ దిగారు. వ్యాన్లో రెండు బోన్లున్నాయి, ఒకదాన్లో నీళ్ళు కూడా పోసి తెచ్చారు.

"జంతువెక్కడమ్మా?" అన్నారు డాక్టరు గారు గుమ్మంలోంచి, తలుపు చాటున నక్కి.

"ఏ జంతువండీ? మా ఆయనే ఉన్నారు" అంది సత్యవేణి.

వసారాలోకి తీసుకెళ్ళి మిషనుని చూపించారు. డాక్టరు గారు చాలాసేపు దాన్నే చూశారు. ఎండలో అంత దూరం వచ్చిన మనిషి. జంతువు లేదని రాస్తే వ్యాను ఎందుకు కదిలిందో చెప్పాలి, వల ఎందుకు తీశారో చెప్పాలి, బోన్లో నీళ్ళెందుకు పోశారో చెప్పాలి. ఆ బాధలన్నీ పడేకంటే పరీక్ష చెయ్యడమే తేలికనిపించింది ఆయనకి. సత్యవేణి ఇచ్చిన మజ్జిగ తాగి, మిషనుకి గొట్టం పెట్టి చూసి, నివేదిక రాసేశారు. "ఆహారం: పెట్రోలు. పళ్ళు: పదును. అరుపు: తాడు లాగినచో గట్టిగా. మచ్చిక: ఇంటివారికి మాత్రమే. ఆరోగ్యము సంతృప్తికరము. ఇది రెండు జంతువులు కావు, ఒకే ప్రాణి. విడదీసినచో బతకదు."

ఆ ఆఖరి రెండు వాక్యాలూ అనంతశయనం గారి చేతులు కట్టేశాయి. ప్రాణిని విడదీయడానికి ఆయనకి అధికారం లేదు. నిబంధనల పుస్తకమంతా తిరగేసి, ఇద్దర్నీ పిలిపించి లేచి నిలబడి మరీ ప్రకటించారు.

"ఇందుమూలముగా ఈ రంపమును ఒక స్వతంత్ర మార్కుగా గుర్తించుటకు నిశ్చయించడమైనది. ఇకపై దీని జోలికి ఎవ్వరునూ రారాదు."

పల్లాలరావుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గవర్రాజు బావని ఎత్తుకున్నంత పని చేశాడు. అటెండరు కూడా చప్పట్లు కొట్టాడు.

"చిన్న లాంఛనము మిగిలి ఉన్నది" అన్నారు అనంతశయనం గారు కూర్చుంటూ. "మార్కుకి పేరు కావలెను."

"పులిమొసలి అని రాసుకోండి" అన్నాడు పల్లాలరావు ఆలోచించకుండానే.

"అంతే, అంతే" అన్నాడు గవర్రాజు. ఒక్క క్షణం ఆగి నవ్వాడు. "ఏం బావా, మొసలిపులి అంటే నోరు తిరగదా ఏంటి?"

"ఎలా అంటే ఏంట్రా? మాటవరసకి అన్నాను."

"మాటవరసకే అయితే మొసలి ముందుంటే పోయేదేముంది?"

"ఇంజను పులిది కదరా! ముందు ఇంజను, తర్వాతే ఏదైనా."

"ఇంజను అరుస్తుంది. కోసేది బారు" అన్నాడు గవర్రాజు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది గానీ పలచబడింది. "అరుపుల కోసమైతే మా పక్కింటావిడ ఉందిగా, మిషనెందుకు?"

అనంతశయనం గారు కలం విప్పారు. "తొందరపడకండి, మీ వాదనలు పూర్తిగా వినిపించండి. మార్కుకొక సంఘము, సంఘమునకొక అధ్యక్షుడు కూడా అవసరము. సభ్యులు ఇద్దరే కాబట్టి ఒకరు అధ్యక్షులు, రెండవ వారు సభ్యులు."

రెండవ వారు ఎవరవుతారా అని బావ బావమరిది వంకా, బావమరిది బావ వంకా చూసుకున్నారు.

"పెద్దవాణ్ణి, నేనుంటాలే" అన్నాడు పల్లాలరావు.

"అన్నిట్లో నువ్వేనా బావా? పేరులో ముందు నువ్వు, కుర్చీలో ముందు నువ్వు. మిషను మీ వసారాలోనే ఉంటే నేనెప్పుడైనా అడిగానా?"

"ఆ, అడుగుతావు! నీ ఇంట్లో పెడితే నువ్వులనూనె పోద్దువు గాని."

అయిపోయింది. ఆ నూనె మాట అనకుండా ఉండాల్సింది. అది ఇద్దరికీ తెలిసిన మాటే, ఎన్నో సాయంత్రాలు ఇద్దరూ కలిసి పగలబడి నవ్వుకున్న మాటే. పరాయివాడి ముందు అనేసరికి అది వేరే మాటైపోయింది.

"మేకు మీద రంపం పెట్టినవాడికి ఇంకొకణ్ణి అనే హక్కు లేదు" అన్నాడు గవర్రాజు లేచి నిలబడి. "అయినా పొద్దున్నే లేచి ఊరికే వచ్చేదాని కోసం పళ్ళు కూడా తోమకుండా పరిగెత్తిన జాతికి మర్యాదెక్కణ్ణించి వస్తుంది?"

"ఏంట్రా అన్నావ్? తిండిపోతు జాతి నువ్వు నన్నంటావా?"

"నా బారు నాకిచ్చెయ్!"

"పట్టుకుపో! నా ఇంజను మీద నీ తుప్పు ఎందుకు?"

అనంతశయనం గారు సొరుగు లాగి, ఎంతో మర్యాదగా ఒక పానా తీసి బల్ల మీద పెట్టారు. పీక కోసినా తియ్యనివ్వనన్న ఆ బోల్టుని పల్లాలరావు తన చేత్తోనే తీశాడు. ఆకురాయితో వానాకాలమంతా అరగదీసిన చోట అది కాస్త కూడా పట్టలేదు, నూనె రాసినట్టు జారి వచ్చేసింది. గవర్రాజు బారుని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. "ఇరుపక్షములు స్వచ్ఛందముగా క్రమబద్ధమైనవి" అని అనంతశయనం గారు పైకి రాసుకున్నారు. దాంతో ఆయనకి మంచి పేరొచ్చింది.

రెండు సంఘాలూ తప్పిపోయిన బిడ్డ తిరిగొచ్చినంత సంబరపడ్డాయి. గవర్రాజుకి మొసలి వాళ్ళు శాలువా కప్పి, ఆ బారుకి బంతిపూల దండ వేసి ఊరేగించారు. పల్లాలరావు ఇంజనుని పులి వాళ్ళు వేదిక మీద పెట్టి తాడు లాగమన్నారు. బారు లేకపోయినా అది శుభ్రంగా అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. అరిచి అరిచి ఏం కోస్తుందని ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చాక పల్లాలరావుకి అన్నం సయించలేదు. సాయంత్రం వసారాలో కూర్చుంటే ఏం తుడవాలో, ఎవరితో మాట్లాడాలో తెలియలేదు. ఎదురింటి తలుపు వేసే ఉంది. "ఒరే గవర్రాజూ" అని పిలవాలని నోటిదాకా వచ్చేది. నూనె మాట గుర్తొచ్చి సిగ్గేసేది, జాతి మాట గుర్తొచ్చి మండుకొచ్చేది. పిలవకుండానే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు.

ఓ ఆదివారం పులి సంఘం వాళ్ళు ఒక రేకు పలక పంపించారు. ఒక ఇంట ఒకే మార్కు నిబంధన ప్రకారం ప్రతి గుమ్మానికీ పలక ఉండాలట. "ఇది పులి గృహము" అని దాని మీద రాసుంది. ఏదో ఒక పని దొరికింది కదా అని పల్లాలరావు స్టూలెక్కి, పానాతో దాన్ని గుమ్మానికి బిగించడం మొదలెట్టాడు.

సత్యవేణి చేతిలో క్యారేజీతో బయటికొచ్చింది. గుత్తివంకాయ వాసన ఘుమఘుమలాడుతోంది.

"ఎక్కడికే?" అన్నాడు స్టూలు మీంచి.

"తమ్ముడింటికి. వాడికిష్టమని చేశాను."

పల్లాలరావు గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతులోంచి వచ్చింది ఆయన మాట కాదు. "పులి గృహమునుండి మొసలి గృహమునకు ఆహారము వెళ్ళుట... అంటే, అదేనే, వెళ్ళకూడదంటున్నారు. సంఘంలో నలుగురూ ఏమనుకుంటారు?"

సత్యవేణి ఆగింది. పలక వైపు చూసింది, తర్వాత ఆయన వైపు చూసింది. ఆవిడ కోప్పడలేదు, కేకలెయ్యలేదు. వంటింట్లో ఉప్పు ఎక్కడుందని అడిగినంత మామూలుగా అడిగింది.

"ఏవండీ, నేను పుట్టింది వాడితో. కాపురం చేస్తున్నది మీతో. సగం మొసలి, సగం పులి. ఇన్నేళ్ళూ ఒక్క మనిషిలాగే నడిచాను, అరిగిన చోట అరిగి, పట్టని చోట పట్టించుకునీ. మరి నన్నెప్పుడు విప్పుతారు?"

పల్లాలరావు చేతిలోని పానా వైపు చూసుకున్నాడు.

"రెండు మార్కులు ఒకే ఇంట్లో ఉండకూడదు కదా? చెప్పండి, ఏ సగం ఎదురింటికి పంపిస్తారో. పానా మీ చేతిలోనే ఉందిగా."

అని, వీధి దాటి తమ్ముడింటి తలుపు కొట్టింది. తలుపు తెరుచుకుంది. గవర్రాజు గుమ్మంలో నిలబడి, అక్క భుజం మీంచి బావ వైపు చూశాడు. పల్లాలరావు ఇంకా స్టూలు మీదే ఉన్నాడు. ఒక చేత్తో పలక, ఒక చేత్తో పానా పట్టుకుని, రెండింట్లో ఏది ముందు కింద పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు.